కిటికీ దగ్గర నిలబడిన మాస్టారు

సభకు అధ్యక్షత వహిస్తున్న పెద్దిరాజు గారికీ, జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో నిద్ర పాడుచేసుకుని మరీ ముఖ్య అతిథిగా వచ్చిన ప్రొఫెసర్ నాగభూషణం గారికీ, పూలదండ బరువుకి కాస్త ముందుకు వంగి, అయినా ఈ కస్తూరి మైకు ముందు ఏం పేలుతుందోనని నా వంకే అనుమానంగా చూస్తున్న మా మాస్టారు డాక్టర్ రాధాకృష్ణమూర్తి గారికీ, ముందు వరసలో ఉన్న అన్నపూర్ణేశ్వరి అమ్మగారికీ, కరోల్‌బాగ్ నుంచీ ఆర్.కె. పురం నుంచీ డీటీసీ బస్సుల్లో వేళ్లాడుతూ వచ్చిన పెద్దలకీ, మిత్రులకీ, వెనక కుర్చీలు లాగుతూ "మమ్మీ, యే కబ్ ఖతమ్ హోగా" అంటున్న పిల్లలకీ, అందరికీ నమస్కారం. పిల్లలూ, థోడా సబర్ కరో, కాస్త ఓపిక పట్టండి. వంటవాళ్లు ఇంకా పూరీలు మొదలుపెట్టలేదు, నేను చూసే వచ్చాను. (నవ్వులు)

పెద్దిరాజు గారు ఇందాక నన్ను పక్కకి పిలిచి, "డాక్టరు గారూ, ఆయన రిటైరవుతున్న రోజు కదా, నాలుగు మంచి మాటలు చెప్పండి చాలు, అదీ క్లుప్తంగా" అన్నారు. మంచి మాటలే చెబితే మాస్టారు నమ్మరండీ అన్నాను. నిజంగానే నమ్మరు. ఎవరేం చెప్పినా ముందు నమ్మకపోవడమే ఆయన ఉద్యోగం, దానికే గవర్నమెంటు ఆయనకి ఇన్నాళ్లూ జీతం ఇచ్చింది. అందుకని నేను మంచివీ చెడ్డవీ అని ఏరకుండా, నా కళ్లతో చూసిన ఒకే ఒక్క సంగతి చెప్పి కూర్చుంటాను. అందులో మాస్టారి మీద నాకున్న కోపం కూడా వస్తుంది. ఎనిమిదేళ్ల నాటి కోపం, ఊరగాయలా బాగా ఊరి ఉంది.

అసలు మాస్టారు ఏం డాక్టరో ఈ హాల్లో సగం మందికి తెలీదు. కాలనీలో వాళ్లు దగ్గొచ్చినా, మోకాలు పట్టినా, కోడలికి కడుపునొప్పి వచ్చినా ఆయన తలుపే కొట్టేవారు. ఆయన తలుపు తీసి, "నేను మందుల శాస్త్రం చెబుతానండీ, జబ్బులు చూడను" అనేవారు. "అయితే మందుల షాపు ఎక్కడ పెట్టారు సార్?" అని అడిగినవాళ్లున్నారు. వెనక నుంచి అన్నపూర్ణేశ్వరి అమ్మగారు, "ఆయన కుందేళ్ల పేగులకి డాక్టరు బాబూ, మనుషులకి కాదు, ఇదిగో ఈ వాము నమిలి వెళ్లు" అని పంపించేవారు. కాలనీలో అసలు ప్రాక్టీసు అమ్మగారిదే. (నవ్వులు, చప్పట్లు) అమ్మగారూ, తల అలా అడ్డంగా ఊపకండి, వాము పుచ్చుకున్నవాళ్లే చప్పట్లు కొడుతున్నారు.

కుందేలు పేగు సంగతి చెప్పకుండా మాస్టారి సంగతి చెప్పడం కుదరదు కాబట్టి, భోజనాల ముందు ఈ ప్రస్తావన తెస్తున్నందుకు క్షమించండి. మన పేగుకి ఒక గుణం ఉంది. మన ప్రమేయం లేకుండా దాని పాటికి అది ముడుచుకుంటూ, వదులవుతూ, అన్నాన్ని ముందుకి తోసుకుంటూ పోతుంది. దానికి 'ఆగు' అని చెప్పే నరం ఒకటుంది, ఇంగ్లీషులో సింపథెటిక్ నరం అంటారు. మీరు బస్టాపులో నిలబడి ఉండగా వీధి కుక్క వెంటపడిందనుకోండి. ఈ నరం గుండెకి 'పరిగెత్తు' అంటుంది, పేగుకి 'నీ పని తర్వాత చూద్దాం, ప్రస్తుతానికి వదులుగా పడి ఉండు' అంటుంది. పేగు పడి ఉంటుంది. కుక్క వెంటపడుతుండగా ఎవరికీ ఆకలి వెయ్యదు, అదీ సంగతి.

ఇప్పుడు ఈ నరం నోరు కట్టేసే మందులున్నాయి. రక్తపోటుకి వాడేవారు, గ్వానెథిడిన్ అని. ఆ మందు పడ్డాక నరాన్ని ఎంత రెచ్చగొట్టినా దాని మాట పేగుకి అందదు. పేగు ఆగదు, తన పని తను చేసుకుపోతుంది. పుస్తకాల్లో అలా ఉంది. మాస్టారు అలాగే పాఠం చెప్పేవారు. నా థీసిస్ కూడా దాని మీదే: మందు వేయక ముందు నరాన్ని కదిపితే పేగు ఏం చేస్తుంది, వేశాక కదిపితే ఏం చేస్తుంది. అబ్బో ఏముందిలే, ఏడాదిలో అయిపోతుంది అనుకున్నాను. నాగభూషణం గారు నవ్వుతున్నారు. ఆయనకి తెలుసు.

ప్రయోగం ఎలా చేసేవాళ్లమో కూడా రెండు ముక్కల్లో చెబుతాను. పేగు ముక్కని, దాని రక్తనాళంతోనూ నరంతోనూ సహా, గోరువెచ్చని ఉప్పునీళ్ల గాజు గొట్టంలో వేలాడదీసి, గాలి బుడగలు పంపుతూ ఉంటే అది గంటల తరబడి బతికే ఉంటుంది, తన పాటికి తను ఆడుతూనే ఉంటుంది. దానికి ఒక దారం కడతాం. దారం రెండో కొస ఒక సన్నటి పుల్లకి, దాన్నే లీవరు అంటాం. పుల్ల కొస, కిరసనాయిలు మసి పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మీద ఆనుతుంది. డ్రమ్ము తిరుగుతుంటే మసి మీద తెల్లటి గీత పడుతుంది. పేగు ముడుచుకుంటే గీత పైకి, వదులైతే కిందికి. అయితే ఒక్క మెలిక ఉంది. లీవరుకి మధ్యలో ఇరుసు ఉంటుంది. దారాన్ని ఇరుసుకి ఒకవైపు కడితే గీత సరిగ్గా పడుతుంది, పొరపాటున రెండోవైపు కడితే అంతా తలకిందులు. ముడుచుకున్న పేగు వదులైనట్టూ, వదులైంది ముడుచుకున్నట్టూ కనిపిస్తుంది. ఈ పొరపాటు చెయ్యని విద్యార్థి ప్రపంచంలో ఇంకా పుట్టలేదు.

అందుకని మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ఆచారం. లీవరుకి దారం మాస్టారు తప్ప ఇంకెవరూ కట్టకూడదు. పొద్దున్నే ఆయన వచ్చి, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, దారాన్ని పెదవులతో తడిపి, మూడు ముళ్లు వేసేవారు. మేం చుట్టూ చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం, అక్షింతలు లేని లోటు తప్ప అంతా పెళ్లే. ఆ దారం కూడా అమ్మగారి కుట్టుమిషను లోంచి తెచ్చిందే. అమ్మగారి జాకెట్లకి చేతులు కుట్టడానికి దారం లేక సగంలో ఆగిపోతే, ఇక్కడ కుందేళ్లకి మాత్రం ఏ లోటూ ఉండేది కాదు. ముడి వేసేసి ఆయన క్లాసుకి వెళ్లిపోయేవారు. మిగతా ప్రయోగం మాది, ముడి మాత్రం ఆయనది. డాక్టర్లం, పెళ్లిళ్లయినవాళ్లం, పిల్లల తల్లులం, ఒక దారం ముడి వేసుకునే యోగ్యత లేనివాళ్లం!

ఇక నా గొడవ. నేను ఆంధ్రాలో ప్రభుత్వ డాక్టరుని, చదువు కోసం సెలవు పెట్టి వచ్చాను. మావారు కనకయ్య గారు ఇక్కడ కృషి భవన్‌లో సెక్షన్ ఆఫీసరు, అదిగో ఆ స్తంభం చాటున కూర్చున్నారు, నేను మాట్లాడే ప్రతి సభలోనూ ఆయనకి ఒక స్తంభం దొరుకుతుంది. (నవ్వులు) థీసిస్ మీద మాస్టారి సంతకం పడి, డిగ్రీ చేతికొస్తే మాస్టారి కాలేజీలోనే నాకు ఉద్యోగం, ఒకే ఇంట్లో కాపురం. సంతకం పడకపోతే నా సెలవు అయిపోతుంది, నేను వెనక్కి పోయి ఒంగోలు అవతల హెల్త్ సెంటర్లో చేరాలి, ఆయన ఇక్కడ మెస్సు భోజనం చెయ్యాలి. అప్పటికే ఆయన మెస్సులో సాంబారు ఎలా ఉంటుందో వాకబు చేసి వచ్చి, రెండు రోజులు దిగులుగా ఉన్నారు.

డెబ్భై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. మాస్టారు పొద్దున ముడి వేసి వెళ్లారు. నేను నరానికి కరెంటు తగిలించాను. పేగు బుద్ధిగా వదులైంది, గీత దిగింది. బాగుంది. మధ్యాహ్నం మందు వేసి, కాసేపు ఆగి, మళ్లీ కరెంటు తగిలించాను. పుస్తకం ప్రకారం ఏమీ జరగకూడదు. గీత లేచి కూర్చుంది. పేగు ముడుచుకుంది! నరం నోరు కట్టేశాక, అదే నరాన్ని కదిపితే, వదులవాల్సిన పేగు బిగుసుకుంది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. ఇంకో కుందేలు, ఇంకో రోజు, అదే గీత. నేను ఆ కాగితం పట్టుకుని, చేతులకీ మొహానికీ మసితోనే, క్లాసు నుంచి వస్తున్న మాస్టారికి వరండాలో ఎదురెళ్లాను.

ఆయన కాగితాన్ని చూశారు. నన్ను చూశారు. "లీవరు తిరగబడింది" అన్నారు.

"పొద్దున కిందికి దిగిన గీత మధ్యాహ్నం పైకెక్కిందండీ. లీవరు మధ్యలో ఎలా తిరగబడుతుంది మాస్టారూ?"

"మధ్యలో నా ముడి ఊడింది. నువ్వు మళ్లీ కట్టావు. తిప్పి కట్టావు."

"నేను ముట్టుకోలేదండీ."

"ముట్టుకోకపోతే ఎందుకు తిరగబడుతుంది?" అని ఆయన వెళ్లిపోయారు.

ఇదీ వాదన. దీనికి జవాబు చెప్పగల లాయరు సుప్రీంకోర్టులో కూడా లేడు. పోనీ నేను చూసింది ఎక్కడా లేని వింతా అంటే కాదు, విదేశీ పత్రికలో ఎవరో ముందే ఇలాంటిది చూశామని రాశారు. అది తీసుకెళ్లి చూపించాను. "వాళ్ల కుందేళ్లు వేరు, మన కుందేళ్లు వేరు" అన్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనుషులు ఉంటారని సామెతలో విన్నాను గానీ, కుందేలుతో సహా చూసింది అక్కడే. (నవ్వులు, చాలాసేపు) మాస్టారు కూడా నవ్వారు. రాసుకోండి ఎవరైనా.

పోనీ ఇంకో కారణం చెబుతారేమోనని రోజూ వెళ్లేదాన్ని. ఒకరోజు, కరెంటు నరానికి కాకుండా ఉప్పునీళ్లలోంచి పాకి నేరుగా పేగుకే తగులుతోందన్నారు. అది న్యాయమైన అనుమానమే, మా పనిలో అందరూ చేసే తప్పు అది. తీగలు మార్చాను, నరాన్ని నీళ్లకి పైన పెట్టాను. గీత లేస్తూనే ఉంది. ఒకరోజు నీళ్లు చల్లారాయన్నారు. ఒకరోజు కుందేలు ముసలిదన్నారు. ఇంకోరోజు ఏమీ తోచక, "నువ్వు పొద్దున టిఫిన్ తిని వచ్చావా?" అన్నారు. నా టిఫినుకీ కుందేలు పేగుకీ ఏం సంబంధం అని అడిగితే, "ఆకలి మీద ఉంటే చేతులు వణుకుతాయి, వణికితే ముడి ఊడుతుంది" అన్నారు. తిరిగి తిరిగి ఆ ముడి దగ్గరికే వచ్చేవారు. చివరికి ఒకరోజు నెమ్మదిగా, ప్రేమగానే అన్నారు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "కస్తూరీ, ఆ గీత పైకెక్కిన కాగితం ముక్కలు కత్తిరించెయ్. 'మందు వేశాక నరం పనిచెయ్యలేదు' అని రాయి. ఇవాళే సంతకం పెడతాను."

అది అబద్ధం కూడా కాదు చూడండి, నరం 'ఆగు' అనడం మానేసింది కదా. సగం నిజం. కత్తెర బల్ల మీదే ఉంది. బయట మావారి మెస్సు సాంబారు ఉంది. నేను కత్తిరించనన్నాను. ఆయన సంతకం పెట్టనన్నారు.

ఆ రోజుల్లో అమ్మగారు ఒకసారి దార్లో కనపడితే, "ఏమమ్మా, మీ ఇద్దరికీ ఏమైంది? రాత్రి కంచం ముందు కూర్చుని మజ్జిగలో గరిటె కాడకి దారం కడుతున్నారు. ఇటు కట్టి చూస్తారు, అటు కట్టి చూస్తారు" అన్నారు. ఆ మాట విని నేను ఎంత సంతోషించానో చెప్పలేను. మనిషి నమ్మలేదు గానీ నిద్ర కూడా పోవడంలేదన్నమాట.

సరిగ్గా అప్పుడు నాగభూషణం గారు చిన్న క్లాసుల పరీక్షలకి ఎగ్జామినరుగా వచ్చారు. ఆయనా మాస్టారూ మెడికల్ కాలేజీలో ఒకే గదిలో ఉన్నవాళ్లు, ఒకరి మాట ఒకరు నమ్మకపోవడం అక్కడే నేర్చుకున్నారు. మాస్టారు ఆయనతో, "చూడరా, ఈ పిల్ల కుందేళ్లకి గారడీ నేర్పింది. నీ ముందే తేల్చేస్తాను. ముడి నేనే వేస్తాను, మందు నేనే వేస్తాను, కరెంటు నేనే తగిలిస్తాను. గీత పైకెక్కితే సంతకం పెడతాను. ఎక్కకపోతే నువ్వు కత్తిరించాలి కస్తూరీ, ఠీక్ హై?" అన్నారు. ఠీక్ హై అన్నాను. 

ఆ రోజు ఢిల్లీలో ఏమవ్వాలో అదే అయింది. కరెంటు పోయింది. గాలి పంపు ఆగింది, నీళ్లు కాచే హీటరు ఆగింది, పేగు ఆగడానికి సిద్ధంగా ఉంది. వాయిదా వేస్తారనుకున్నాను. మాస్టారు కిందికి పరిగెత్తి, తన బజాజ్ స్కూటరు స్టెప్నీ దొర్లించుకుంటూ రెండంతస్తులు మెట్లెక్కించి తెచ్చారు. దాని వాల్వుకి రబ్బరు గొట్టం తగిలించి, ఆ గాలినే బుడగలుగా పంపించారు. వెచ్చని నీళ్లు క్యాంటీను టీ కెటిల్లోవి. నరానికి పాత బ్యాటరీ పెట్టె. డ్రమ్ము తాళం చెవి తిప్పితే తిరిగేది. నా మాట తప్పని రుజువు చెయ్యడానికి ఆయన పడిన కష్టం నా పెళ్లికి మా నాన్న కూడా పడలేదు. (నవ్వులు)

అన్నీ సిద్ధమయ్యాక, "కస్తూరీ, నువ్వు ఆ కిటికీ దగ్గర నిలబడు. చేతులు వెనక్కి కట్టుకో" అన్నారు. ముట్టుకోకుండానన్నమాట. వెళ్లి నిలబడ్డాను. ఆయన మూడు ముళ్లు వేశారు. బ్యాటరీ మీట నొక్కారు, గీత దిగింది. "చూశావా, ముడి సరిగ్గా ఉంది" అన్నారు నాగభూషణం గారితో. మందు వేశారు. ఆగారు. స్కూటరు టైరు బుస్సుమంటోంది. మళ్లీ మీట నొక్కారు.

గీత ఎక్కింది.

మాస్టారు వంగి ముడి చూశారు, ఊడలేదు. తర్వాత నెమ్మదిగా తల తిప్పి, "నాగభూషణం, నువ్వు ముట్టుకున్నావా?" అన్నారు. (నవ్వులు, చప్పట్లు)

నాగభూషణం గారూ, మీరు ఆ రోజు అన్నమాట నేను ఈ సభలో చెప్పలేను, పిల్లలున్నారు. కానీ మీరు కూడా వచ్చి కిటికీ దగ్గర నా పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, అదీ స్నేహం అంటే. క్లాసులో అల్లరి చేసి దొరికిపోయినట్టు ఇద్దరం నిలబడ్డాం. బల్ల దగ్గర మాస్టారు ఒక్కరే. నీళ్లు మార్చారు, కొత్త పేగు ముక్క వేలాడదీశారు, మొదట్నుంచీ అంతా చేశారు. మందుకి ముందు గీత దిగింది. మందు వేశాక ఎక్కింది. ఇప్పుడు ముట్టుకున్నావని అనడానికి ఆ బల్ల దగ్గర ఇంకెవరూ మిగల్లేదు.

ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, పెట్టుకుని, బల్ల వదిలి మా వైపు నడిచి వచ్చారు. "కస్తూరీ, నువ్వెళ్లి మీట నొక్కు. నేనిక్కడ నిలబడతాను" అన్నారు. నిలబడ్డారు. చేతులు కూడా వెనక్కి కట్టుకున్నారు, ఎవరూ చెప్పకుండానే. నేను ఇంకో మందు తీశాను, అట్రోపిన్. పేగుని బిగించమని చెప్పే నరాల మాట పేగు చెవిన పడకుండా చేసేది. అది వేసి మీట నొక్కితే గీత కదల్లేదు. ఎక్కడం కూడా మానేసింది. అంటే కరెంటు పేగుకి నేరుగా తగలడంలేదు. 'ఆగు' అని గట్టిగా అరిచే నరంలోనే, 'బిగించు' అని మెల్లగా చెప్పే పోగులు కొన్ని కలిసి ఉన్నాయి. పెద్ద గొంతు మోగినంతసేపూ చిన్న గొంతు వినపడలేదు. గ్వానెథిడిన్ పెద్ద గొంతు నొక్కేసరికి అది బయటపడింది. అత్తగారికి గొంతు పట్టేసిన రోజున కోడలు మాట్లాడుతుందని ఇంటి పక్కవాళ్లకి తెలిసినట్టు.

కిటికీ దగ్గర నుంచి మాస్టారు "అచ్ఛా" అన్నారు. అంతే. పొరపాటైందనలేదు, శభాష్ అనలేదు. మర్నాడు సంతకం పెట్టారు. నాకు సంతోషమే అయింది గానీ కోపం పోలేదు. నెలల తరబడి నన్ను అబద్ధాలకోరులా నిలబెట్టి, ఒక్క అచ్ఛాతో సరిపెడతారా అని. మావారు మాత్రం మెస్సుకి ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి తెచ్చుకున్నారు.

కథ అక్కడితో అయిపోతే నేను ఇవాళ ఈ మైకు పట్టుకునేదాన్ని కాదు. సంతకం పడితే సరిపోదు కదా, పై ఏడాది ఏప్రిల్లో పరీక్ష. థీసిస్ మీద ప్రశ్నలడగడానికి ఉత్తరాది పెద్దాయన ఒకరు వచ్చారు, పేరు చెప్పను, చాలా పేరున్నవారు. ఆయన నా థీసిస్ తెరిచి, ఆ బొమ్మ దగ్గర ఆగి, పెదవి విరిచి, "లీవర్ ఉల్టా లగా హోగా" అన్నారు. సరిగ్గా మాస్టారి మాటే, హిందీలో! నేను నోరు తెరిచేలోపు మాస్టారు కుర్చీలోంచి లేచారు.

"ఉల్టా? నా డిపార్ట్‌మెంట్‌లో లీవరు ఉల్టానా?" అన్నారు. హిందీ, ఇంగ్లీషు, తెలుగు, మూడూ కలిపేశారు. "మీరేం అనబోతున్నారో నాకు తెలుసు. ముడి ఊడిందంటారు, కరెంటు పాకిందంటారు, నీళ్లు చల్లారాయంటారు, కుందేలు ముసలిదంటారు. అవన్నీ నేను ఇదివరకే అనేశాను. నాకంటే బాగా మీరు అనలేరు." (నవ్వులు)

పెద్దాయన కంగారుపడి, "నో నో డాక్టర్ సాహబ్, ఐ బిలీవ్ యూ" అన్నారు. ఆయనకి సాయంత్రం రైలుంది.

"నన్ను నమ్మొద్దు. చూడండి" అన్నారు మాస్టారు. కుందేలుని తెప్పించారు. అంతా అమర్చాక నేను అలవాటు ప్రకారం పక్కకి జరిగి, ఆయన ముడి వెయ్యడానికి చోటిచ్చాను. ఆయన కదల్లేదు. "నేను కడితే నా శిష్యురాలి కోసం గారడీ చేశానంటారు. నువ్వే కట్టు" అన్నారు. పెద్దాయన్ని మోచెయ్యి పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పక్కనే తనూ బయటి వైపు తిరిగి నిలబడి, చేతులు వెనక్కి కట్టుకున్నారు.

అయ్యా, నా జీవితంలో అంతవరకూ నేను ఆ ముడి వెయ్యలేదు. వెయ్యనివ్వలేదు కదా. ఆయన ముడి వేస్తుంటే ఎన్నోసార్లు చూశాను. చూడటం వేరు, డిగ్రీ గాల్లో వేలాడుతుండగా తడిచేతుల్తో కట్టడం వేరు. ఇరుసుకి ఇటా, అటా? ఒక్క క్షణం నాకు కుడి ఎడమలు తెలియలేదు. కట్టాను. ముడి జారింది. పేగు ముక్క నీళ్లలో బుడుంగున పడింది. పెద్దాయన తల తిప్పబోయారు. మాస్టారు ఇటు చూడనే చూడకుండా, ఆయన భుజం మీద చెయ్యి వేసి, కిటికీలోంచి బయటికి చూపిస్తూ, "ప్రొఫెసర్ సాహబ్, ఈ ఏడు గుల్‌మొహర్లు ఇంకా పూయలేదు చూశారా? నిరుడు ఈపాటికి..." అని మొదలుపెట్టారు. పూలూ మొక్కల గురించి ఆయన నోట ఒక్క మాట మేం అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. గుల్‌మొహర్లు ఏప్రిల్ చివరికి గానీ పూయవు. నేను ముక్కని పైకి తీసి మళ్లీ కట్టేదాకా ఆయన ఆ చెట్ల గురించి చెబుతూనే ఉన్నారు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నేను ఏ వైపు కట్టానో ఆయన చూడలేదు. తప్పు కట్టి ఉంటే నాతోపాటు ఆయన పరువూ అక్కడే పోయేది. అది తెలిసే ఆయన చూడలేదు.

మందుకి ముందు గీత దిగింది. మందు వేశాక ఎక్కింది. పెద్దాయన దగ్గరికొచ్చి కళ్లజోడు సర్దుకుని చూసి, "కమాల్ హై" అని మెచ్చుకున్నారు. నేను పాసయ్యాను. ఆయన రైలు కూడా అందుకున్నారు.

అందరూ వెళ్లాక మాస్టారు వచ్చి నా ముడిని వేలితో కదిపి చూశారు. "వదులుగా ఉంది. బాగా ప్రాక్టీసు చెయ్యి. రేపట్నుంచి ఈ డిపార్ట్‌మెంట్‌లో పిల్లలకి ముళ్లు నువ్వే కట్టాలి" అన్నారు. నాకు ఉద్యోగం వచ్చిందని ఆ విధంగా తెలిసింది. నేను వరండాలోకి వెళ్లి ఏడ్చాను. మాస్టారూ, మీకు ఆ సంగతి ఇవాళే తెలుస్తోంది. అప్పుడు తెలిసి ఉంటే టిఫిన్ తిన్నావా అని అడిగేవారు. (నవ్వులు)

మాస్టారూ, మీరు నన్ను నమ్మడానికి నెలలు పట్టింది. ఆ కోపం నాకు ఉంది, ఉంటుంది, దాన్ని నేను దాచుకున్నాను. కానీ చూశాక మీరు ఒక్క నిమిషం కూడా వెనకాడలేదు. కళ్లముందు కనిపించినదాన్ని పుస్తకం కోసమో, పరువు కోసమో తుడిచేసే పెద్దలు లోకంలో ఎంతమంది ఉన్నారో ఈ ఊళ్లో ఉద్యోగాలు చేస్తున్న మీ అందరికీ నేను చెప్పక్కర్లేదు. మా నాన్న నన్ను చదివించారు. మీరు నా చూపుని నాకు వదిలిపెట్టారు. మీరంటే నాకు చాలా ప్రేమ మాస్టారూ. ఈ మాట మీతో ఎప్పుడూ అనలేదు. అంటే రుజువు అడుగుతారని భయం. ఇప్పుడు ఇంతమంది సాక్షులున్నారు కాబట్టి ధైర్యంగా అంటున్నాను.

(చప్పట్లు. వక్త కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.)

క్షమించండి, కళ్లజోడు తడిసింది. నన్ను క్లుప్తంగా మాట్లాడమని చెప్పి, ఇంతసేపూ గంట కొట్టకుండా కూర్చున్న పెద్దిరాజు గారికీ, తన మీద వేసిన జోకులన్నీ భరించిన నాగభూషణం గారికీ, ఇన్నేళ్లూ మాకు దారమూ ఓపికా రెండూ అప్పివ్వకుండా ఊరికే ఇచ్చిన అమ్మగారికీ, స్తంభం వెనకాల ఉన్న మావారికీ, ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మాస్టారూ, సోమవారం కొత్త బ్యాచ్ వస్తోంది. అందులో ఒకమ్మాయి ఇప్పటికే నేను చెప్పిన ప్రతిదానికీ ఎందుకండీ అంటోంది. నాకు చాలా చిరాగ్గా ఉంది. సోమవారం పొద్దున ముడి ఆ పిల్ల చేతే వేయిస్తాను, నేను కిటికీ వైపు తిరిగి నిలబడతాను. మీరు నేర్పిన పాఠాల్లో నాకు అన్నిటికంటే కష్టమైంది అదే. ఇక సెలవు.